పేరు పెట్టడమూ ఒక పనితనమే

జనగామ జిల్లాలో ఒక ఘన్‌పూర్, భూపాలపల్లి జిల్లాలో కోటగుళ్లున్న మరో ఘన్‌పూర్. రెండోదాన్ని గణపురం అనీ అంటాం. మొదటిదానికి రైలుంది, రెండోదానికి లేదు. ఆ తేడానే పేరుకు ముందు చేర్చి ‘స్టేషన్ ఘన్‌పూర్’ అన్నవారెవరో గానీ, చేతులెత్తి మొక్కాలి. ఒక్క మాటతో ఎందరిని దారి తప్పకుండా చేశారో!

హైదరాబాద్ మెట్రోలోనూ ఈ నేర్పు కనిపిస్తుంది. జనగామ నుంచి బస్సులో వచ్చి ఉప్పల్‌లో దిగినవారికి ఉప్పల్ స్టేషనే ఎదురవుతుంది. మహబూబాబాద్ నుంచి రైల్లో సికింద్రాబాద్ చేరినవారికి రెండు మెట్రో స్టేషన్లున్నాయి. నాగోలు–రాయదుర్గం మార్గానికి సికింద్రాబాద్ ఈస్ట్, 2020లో మొదలైన జేబీఎస్–ఎంజీబీఎస్ మార్గానికి సికింద్రాబాద్ వెస్ట్. వెస్ట్‌లో ఎంజీబీఎస్ వైపు ఎక్కితే తర్వాతిది గాంధీ హాస్పిటల్. రోగిని వెంటబెట్టుకొని కంగారుగా వచ్చిన పల్లెటూరి మనిషికి ఇంతకన్నా మంచి పేరు ఏముంటుంది?

స్టేషన్లకు పెద్దల పేర్లు పెట్టడం నాకూ ఇష్టమే. అయితే ‘డాక్టర్ బీఆర్ అంబేడ్కర్ బాలానగర్’ మెట్రో స్టేషన్‌లో మాదిరిగా పక్కన ఊరి పేరూ ఉండాలి. దిగాల్సిన చోటు తెలియాలి కదా.