కప్ప గాలం, కొర్రమీను

ఉత్తర అమెరికా తూర్పు కొండల్లో ఎండాకాలం వాగుల వెంట నడిచేవాళ్లు బ్రూక్ ట్రౌట్ అనే చేపను దొంగ ఈగతో పడతారు. చిన్న కొక్కేనికి ఈకలు, దారాలు చుట్టి పురుగులా తయారుచేసి నీటిమీద వాలుస్తారు. నిజం ఈగనుకుని చేప పైకి లేస్తుంది. ఆ చేపకు చల్లటి నీళ్లు కావాలి. మన బళ్లారి ఎండకు అది బతకదు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలంలో, 1907లో, నీలగిరుల్లోని అవలాంచి దగ్గర ట్రౌట్ పిల్లల్ని పెంచే కేంద్రం పెట్టారు. అప్పట్లో బళ్లారి కూడా ఆ ప్రెసిడెన్సీలోదే అయినా, ట్రౌట్‌కు కొండ చలువ తప్ప ఈ మైదానం పనికిరాదు.

అయినా ఎరను ఆడించి చేపను పైకి రప్పించే ఆ విద్య బళ్లారిలోని కౌల్ బజార్ చుట్టుపక్కల వాళ్లకు కొత్తదేమీ కాదు. తెలుగు, కన్నడం, ఉర్దూ కలిసి వినిపించే ఈ పేట నుంచి కాస్త దూరం పోతే చెరువులు, కాలువ నీళ్లు నిలిచిన గుంటలు వస్తాయి. 1953లో తుంగభద్ర డ్యాం పూర్తయ్యాక కాలువల నీళ్లు ఈ కరువు నేలకు అందాయి. అలాంటి నిలవ నీళ్లలో, తామరాకుల కింద, నాచు నీడలో కొర్రమీను పొంచి ఉంటుంది. దానికి వేసేది కప్ప గాలం.

ఎర్రను గుచ్చి, బెండు కట్టి, గట్టున కూర్చుని పట్టే గాలం వేరు. అది పరిగెకు, జెల్లకు చాలు. కప్ప గాలం పట్టినవాడు మాత్రం కూర్చోడు, నీటి చుట్టూ తిరుగుతాడు. కొర్రమీనుకు మొప్పలు చాలవు. మధ్యమధ్య పైకి వచ్చి గాలి మింగాల్సిందే. అది లేచినచోట నీళ్లు కాస్త చెదురుతాయి, ఒకటి రెండు బుడగలు మిగులుతాయి. తెలిసినవాడి కన్ను అక్కడే ఉంటుంది. సూర్యుడు వెనక ఉంటే తన నీడ నీళ్లలో పడుతుందని పక్కకు జరుగుతాడు, అడుగు మెత్తగా వేస్తాడు. గట్టు అదిరితే చేపకు తెలిసిపోతుంది.

గాలాన్ని చేప ఉన్నచోటే వేయకూడదు. దాన్ని దాటించి వేసి, ఆకుల మీదుగా కప్ప గెంతినట్టు చిన్న చిన్న కుదుపులతో లాక్కురావాలి. రెండు గెంతులు, ఒక ఆగుడు. ఆగినప్పుడే ఎక్కువగా అందుకుంటుంది. నీళ్లు పగిలినట్టు చప్పుడవుతుంది, గుండె జల్లుమంటుంది. అప్పుడే చెయ్యి ఓర్చుకోవాలి. చప్పుడు వినగానే లాగితే కప్ప ఒక్కటే తిరిగొస్తుంది. చేప దాన్ని నోట్లోకి సర్దుకుని పక్కకు తిరిగేదాకా ఆగి, దారం బిగియగానే గట్టిగా లాగాలి. ఆలస్యమైతే నాచులోకి దూరి దారాన్ని చుట్టేస్తుంది. అందుకే సన్నదారం ఇక్కడ పనికిరాదు. ట్రౌట్ వేటగాడు వెంట్రుకంత దారంతో నేర్పు చూపిస్తే, మనవాడు మొద్దుదారంతో అదే ఓర్పు చూపిస్తాడు.

పూర్వం బతికున్న కప్పనే గుచ్చేవాళ్లు. ఇప్పుడు మెత్తటి ప్లాస్టిక్ కప్పలు వచ్చాయి. కొక్కెం మొనలు పైకి, ఒంటికి ఆనుకుని ఉంటాయి కాబట్టి ఆకులకు తగులుకోవు. వీటినే వాడాలని నా గట్టి అభిప్రాయం. కప్పలు పొలానికి కావాలి. పైగా ఆ బొమ్మను ప్రాణమున్నట్టు ఆడించడంలోనే అసలు పనితనం తెలుస్తుంది.

ఈ వేటలో వల కంటే గొప్ప గుణం ఒకటుంది: ఏ చేపను పట్టాలో, దేన్ని వదలాలో వేటగాడి చేతిలో ఉంటుంది. వానాకాలంలో కొర్రమీను గుడ్లు పెడుతుంది. పిల్లలు ఎర్రటి గుంపుగా నీటిపైన తేలుతుంటే తల్లీ తండ్రీ కిందనే కాపలా కాస్తాయి. దగ్గరికి ఏదొచ్చినా ఎగబడి కరుస్తాయి, అందుకే వాటిని పట్టడం మహా తేలిక. అలా పట్టడాన్ని నేను వేటగా ఒప్పుకోను. కాపలా పోయిందంటే ఆ గుంపును మిగతా చేపలు, కొంగలు నిమిషాల్లో తినేస్తాయి. తెలంగాణ తన రాష్ట్ర చేపగా ఎంచుకున్నది కొర్రమీనునే. అంత పేరున్న చేప మన చెరువుల్లో మిగలాలంటే, గాలం పట్టుకుని గట్టెక్కే ప్రతివాళ్లకూ నా మనవి ఇదే: నీటిపైన ఎర్రటి పిల్లల గుంపు కనిపిస్తే గాలం చుట్టేసి ఇంకో గట్టుకు వెళ్లండి.