పట్టును బట్టి పద్దు

డీఎన్‌ఏని చదవడానికి దాన్ని విప్పాల్సిన పనిలేదు. రెండు పోగులు మెలితిరిగి ఉంటాయి, లోపల బేసులు జతలు జతలుగా సర్దుకుని ఉంటాయి. లోపలే ఉన్నా వాటి అంచులు మాత్రం దాగవు. మెలిక పొడవునా రెండు గాడులు సాగుతాయి, ఒకటి వెడల్పు, ఒకటి ఇరుకు. బేసుల అంచులు ఆ గాడుల్లో బయటపడే ఉంటాయి. ఏ జన్యువు ఎప్పుడు పనిచేయాలో తేల్చే ప్రొటీన్లు వచ్చి చేయిపెట్టేది అక్కడే. ఎక్కడ చేయిపెట్టింది, తనలోని ఏ భాగంతో పట్టింది, గట్టిగా పట్టిందా, ఊరికే ఆనుకుందా, పట్టుకున్నాక డీఎన్‌ఏని వంచిందా అని చూసి, ఇది ఫలానా రకం అని పద్దు రాసుకోవడం నా పని. విసుగు పని అనుకుంటారు చాలామంది. విసుగు లేదని నేనూ అనను.

ఈ పనికి ముడిసరుకు ప్రొటీన్ డేటా బ్యాంక్ నుంచి వస్తుంది. 1971లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ జాతీయ ప్రయోగశాలలో ఏడంటే ఏడు నిర్మాణాలతో మొదలైన భాండాగారం అది. ఇప్పుడు రెండు లక్షలు దాటాయి. ఒక్కో ఫైలు తెరిస్తే కనిపించేవి అంకెలే. ఏ పరమాణువు ఎక్కడుందో చెప్పే మూడేసి కొలతలు, వేల వరసలు. ఎక్స్‌రే స్ఫటిక పద్ధతిలో తీసినా, ఎన్‌ఎంఆర్‌తో తీసినా, ఇప్పుడు జోరుమీదున్న క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీతో తీసినా చివరికి మన చేతికొచ్చేది ఆ జాబితానే. కంప్యూటర్ దాన్ని రంగుల బొమ్మగా చూపిస్తుంది. బొమ్మ అందంగానే ఉంటుంది, కానీ మా పని అంకెల దగ్గరే.

వర్గీకరణ అనే ఆలోచనకు పునాది 1981, 82లలో పడింది. లామ్డా అనే వైరస్‌లోని క్రో ప్రొటీన్, ఈ.కోలి బ్యాక్టీరియాలోని క్యాప్, మళ్లీ లామ్డాలోదే రెప్రెసర్. మూడింటి నిర్మాణాలూ ఒకదాని వెనక ఒకటి బయటికొచ్చాయి. మూడింట్లోనూ ఒకే అమరిక కనిపించింది: ప్రొటీన్ గొలుసు సుళ్లు తిరిగిన రెండు చిన్న హెలిక్సులు, మధ్యలో ఒక మలుపు. రెండో హెలిక్స్ వెళ్లి పెద్ద గాడిలో కూర్చుంటుంది. హెలిక్స్-టర్న్-హెలిక్స్ అన్న పేరు అలా స్థిరపడింది. 1985లో కేంబ్రిడ్జ్‌లో ఆరన్ క్లగ్ బృందం కప్ప గుడ్లలోని ఒక ప్రొటీన్ వరసను పరిశీలించి జింక్ ఫింగర్ అనే ఇంకో అమరికని ఊహించింది. 1988లో లూసిన్ జిప్పర్ వచ్చి చేరింది. దశాబ్దం తిరక్కుండానే రకాల జాబితా తయారైపోయింది.

ఇంకో ఆశ కూడా అప్పట్లో ఉండేది. 1976లోనే సీమన్, రోసెన్‌బర్గ్, రిచ్ ఒక లెక్క వేసి చూపించారు. పెద్ద గాడిలోంచి చూస్తే నాలుగు రకాల బేసుల జతలూ దేనికది వేరుగా కనిపిస్తాయి. చిన్న గాడిలోంచి చూస్తే ఏటీ జతకీ టీఏ జతకీ తేడా పట్టుకోవడం కష్టం. ఆర్జినైన్ అనే అమైనో ఆమ్లం గ్వానైన్‌తో రెండు హైడ్రోజన్ బంధాలు వేయగలదనీ, ఆస్పరజిన్, గ్లుటమిన్ అడినైన్‌తో అలాగే వేయగలవనీ వాళ్లు చెప్పారు. అయితే ఈ అమైనో ఆమ్లానికి ఈ బేసు అని ఒక పట్టిక గీసేస్తే సరిపోతుంది కదా అనిపించింది జనానికి. ఆ ముచ్చట ఎక్కువకాలం నిలవలేదు. కొన్ని నిర్మాణాలు చేతికొచ్చాక 1988లో బ్రయన్ మాథ్యూస్ నేచర్ పత్రికలో తేల్చి రాశాడు, అలాంటి సూత్రమేదీ లేదని. క్రో నిర్మాణం తీసిన బృందానికి పెద్ద ఆయనే.

సూత్రం లేదు గనకే ఒక్కోదాన్నీ విడిగా చూడాల్సి వస్తుంది. ఎలా చూస్తామో ఒక ఉదాహరణతో చెబుతాను. ఎలుక నుంచి తీసిన జిఫ్268 అనే ప్రొటీన్ డీఎన్‌ఏతో కలిసి ఉన్న నిర్మాణాన్ని 1991లో పావ్లెటిచ్, పాబో ప్రచురించారు. మూడు జింక్ ఫింగర్లు వరసగా పెద్ద గాడిలో చుట్టుకుని ఉంటాయి. ముందు నాణ్యత చూస్తాం: ఎంత స్పష్టంగా తీశారు, ప్రొటీన్ గొలుసు మలుపులు రామచంద్రన్ మ్యాప్‌లో ఒప్పుకునే చోట పడ్డాయా లేదా. 1963లో మద్రాసులో జి.ఎన్.రామచంద్రన్ బృందం ఇచ్చిన ఆ మ్యాప్‌తో పోల్చి చూడకుండా ఇప్పటికీ ఏ ప్రొటీన్ నిర్మాణమూ భాండాగారంలోకి చేరదు. తర్వాత దూరాల జాబితా. ప్రొటీన్ పరమాణువుకీ డీఎన్‌ఏ పరమాణువుకీ మధ్య మూడున్నర ఆంగ్‌స్ట్రామ్‌ల లోపు దూరం ఉండి, కోణం కుదిరితే హైడ్రోజన్ బంధం కింద రాస్తాం. ఇంకాస్త దూరంలో ఉంటే ఒరుసుకుంటున్నట్టు. మధ్యలో నీటి అణువు ఉంటే దానికి వేరే గడి. బేసుని తాకిందా, ఫాస్ఫేట్ వెన్నుని తాకిందా, పెద్ద గాడిలోనా, చిన్న గాడిలోనా అన్నది ప్రతిదానికీ పక్కన రాసుకోవాల్సిందే.

జిఫ్268లో ఈ జాబితా వేస్తే ముచ్చటేస్తుంది. గ్వానైన్లు ఎక్కువున్న పోగుని ఆరు అమైనో ఆమ్లాలు పట్టుకుంటాయి. అందులో అయిదు ఆర్జినైన్లు, ఒకటి హిస్టిడిన్. ఆరూ పట్టేది గ్వానైన్లనే. ఒక్కో ఫింగర్ మూడేసి బేసుల జతల దగ్గర కూర్చుంటుంది. ఇంకా దగ్గరికెళ్తే, హెలిక్స్ మొదట్లో ఉన్న ఆర్జినైన్ అటూఇటూ కదలకుండా పక్కనే ఉన్న ఆస్పార్టిక్ ఆమ్లం దాన్ని పట్టి ఉంచడం కనిపిస్తుంది. మూడు ఫింగర్లలోనూ ఇదే ఏర్పాటు. పట్టుకునేది ఒకటైతే, దాని చేయి ఊగకుండా చూసేది ఇంకోటి.

మరి జింక్ ఎక్కడ? ఎక్కడో లోపల, రెండు సిస్టీన్లకీ రెండు హిస్టిడిన్లకీ మధ్య. డీఎన్‌ఏని అసలు తాకదు. ఫింగర్ మడత విడిపోకుండా చూడటం వరకే దాని పని. పేరు మాత్రం దానిదే.

ఈ సంగతి వర్గీకరణ దగ్గరికి వచ్చేసరికి పెద్దదవుతుంది. 2000లో లస్కోంబ్, ఆస్టిన్, బెర్మన్, థార్న్‌టన్ కలిసి అప్పటికి దొరికిన 240 నిర్మాణాలను ఎనిమిది గ్రూపులుగా, 54 కుటుంబాలుగా విడగొట్టారు. ఇప్పటికీ కొత్తవాళ్లకు మేం ముందుగా చేతిలో పెట్టేది ఆ వ్యాసమే. అందులో జింక్ గ్రూపు కింద నాలుగు కుటుంబాలున్నాయి. ఒకటి జిఫ్268 లాంటి ఫింగర్లు. రెండోది హార్మోన్ రిసెప్టర్లు. ఇవి రెండేసి కలిసి జంటగా కూర్చుంటాయి. మూడోది ఈస్ట్‌లోని గాల్4 రకం. అదీ జంటే, కానీ రెండు సీజీజీ ముక్కల మధ్య పదకొండు జతల ఎడం వదిలి అటొకటి ఇటొకటి పడతాయి. నాలుగోది పీ53. ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు అన్నట్టు, జింక్ అన్న ఇంటిపేరు చూసి లోపల పట్టు కూడా ఒకటే అనుకుంటే కుదరదు.

మా దగ్గర కొత్తగా చేరిన అమ్మాయి ఒకరోజు పీ53 నిర్మాణం తెరిచి కూర్చుంది.

"సార్, ఇందులో జింక్ ఉంది కదా, జింక్ గ్రూపులో వేసేయనా?"

"వేద్దువుగానీ. డీఎన్‌ఏని పట్టుకున్నది ఏదో ముందు చెప్పమ్మా."

కాసేపు తిప్పి చూసింది. "హెలిక్స్ పెద్ద గాడిలో ఉంది సార్. కానీ ఇక్కడ లూప్‌లోంచి ఒక ఆర్జినైన్ చిన్న గాడిలోకి వెళ్లింది."

"అదే రాయి ముందు. పేరు తర్వాత రాద్దాం."

ఆ అమ్మాయి చూసినది 248వ స్థానంలోని ఆర్జినైన్. 273వ స్థానంలో ఇంకో ఆర్జినైన్ ఉంది, అది ఫాస్ఫేట్ వెన్నుని పట్టుకుంటుంది. 175వ స్థానంలో మరోటి ఉంది, అది డీఎన్‌ఏ దరిదాపులకే రాదు, ప్రొటీన్ మడతని నిలబెడుతుంది. మనుషులకు వచ్చే క్యాన్సర్లలో దాదాపు సగంలో పీ53 జన్యువు చెడిపోయి ఉంటుంది, అందులో పదేపదే దెబ్బతినే చోట్లలో ఈ మూడూ ఉన్నాయి. 1994లో ఈ నిర్మాణం వచ్చాకే ఆ మార్పులను రెండుగా విడదీసి మాట్లాడటం కుదిరింది: పట్టు పోయినవి, మడత పోయినవి. మడత పోయినదాన్ని మందుతో మళ్లీ నిలబెట్టొచ్చేమోనని ప్రయత్నాలు సాగుతున్నాయి. పట్టుకునే చేయే పోతే ఆ దారి వేరు. మూడింటినీ "జింక్ గ్రూపు ప్రొటీన్‌లో మార్పు" అని ఒకే పద్దు కింద రాసేస్తే ఈ తేడా ఎవరికి తెలుస్తుంది?

పీ53 పట్టుకి పూర్తిగా ఎదురుగా ఉండేది టాటా బాక్స్ అనే డీఎన్‌ఏ ముక్కని పట్టే టీబీపీ ప్రొటీన్. 1993లో రెండు బృందాలు విడివిడిగా దాని నిర్మాణం తెచ్చాయి. పట్టులో హెలిక్స్ లేదు, పెద్ద గాడి లేదు. వెడల్పాటి బీటా షీట్ ఒకటి చిన్న గాడి మీద కూర్చుని, దాన్ని తెరిచి, డీఎన్‌ఏని ఎనభై డిగ్రీల దాకా వంచేస్తుంది. చిన్న గాడిలో అక్షరాలు సరిగ్గా చదవలేమని ముందే చెప్పుకున్నాం. టీబీపీ అక్షరాల మీద అంతగా ఆధారపడదు. ఈ ముక్క వంగుతుందా, వంగదా అన్నదే దానికి ముఖ్యం. 1988లో వచ్చిన ట్రిప్ రెప్రెసర్‌లో ఇంకో వింత. బేసులను నేరుగా తాకేది చాలా తక్కువ, ముఖ్యమైన చోట మధ్యలో నీటి అణువులు ఉన్నాయి. వాటికి గడి పెట్టకపోతే ఆ పట్టు మన పుస్తకంలో ఉండదు. 2001లో లస్కోంబ్, లస్కోవ్‌స్కీ, థార్న్‌టన్ 129 నిర్మాణాల్లో లెక్క తీస్తే, మొత్తం స్పర్శల్లో మూడింట రెండు వంతులు ఒట్టి ఒరుసుకోవడాలే అని తేలింది. అందరూ వెతికే హైడ్రోజన్ బంధాలు ఆరో వంతు. నీటి ద్వారా జరిగేవీ సుమారుగా అంతే.

2000 నాటి ఆ ఎనిమిది గ్రూపుల మీద ఒక అభ్యంతరం తరచూ వింటుంటాను. ఏడు గ్రూపులు ఆకారాన్ని బట్టి చేసి, ఎనిమిదో దానికి మాత్రం ఎంజైములని పనిని బట్టి పేరు పెట్టారేమిటని. ప్రశ్న న్యాయమైనదే. కానీ డీఎన్‌ఏని కోసే, అతికే, నకలు తీసే ప్రొటీన్లను ఆకారం ప్రకారం పంచితే ఒక్కోటి రెండు మూడు గ్రూపుల్లో పడుతుంది. వాడుకునేవాడికి అది పనికిరాదు. నియమం ఒకటే ఉండాలన్న పట్టుదల కన్నా వాడకం ముఖ్యమని ఆ నలుగురూ తేల్చుకున్నారు. నేను వాళ్ల పక్షమే. "ఇతరాలు" అన్న గ్రూపు విషయంలోనూ అంతే. కుదరనిదాన్ని బలవంతంగా ఒక పేరున్న గ్రూపులోకి తోసే బదులు అక్కడ ఉంచడం నిజాయితీ. రేపు దానికి తోడు ఇంకో రెండు దొరికితే అదే ఒక కుటుంబం అవుతుంది.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. డేటా బ్యాంక్ జనాభా లెక్కల పుస్తకం కాదు. స్ఫటికం కట్టినవి, మందుల కంపెనీలకూ ప్రయోగశాలలకూ ఆసక్తి కలిగినవి అందులో పదేపదే ఉంటాయి. ఒకే ప్రొటీన్ పది ఫైళ్లలో ఉంటే పది సార్లు లెక్కపెట్టకూడదు. జన్యువులు ఎప్పుడు పనిచేయాలో తేల్చే ఈ ప్రొటీన్లు, అంటే ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లు, మనిషిలో సుమారు 1,600 ఉన్నాయని 2018లో లెక్క తేల్చారు. అందులో 700కు పైగా జిఫ్268 తరహా జింక్ ఫింగర్లే. వాటిలో ఎక్కువ వాటికి డీఎన్‌ఏతో కలిసి ఉన్న నిర్మాణం లేదు. పైగా ప్రొటీన్లకు వేలాడే తోకలుంటాయి, నిలకడగా ఉండవు గనక ఫైల్లో ఆ చోటు ఖాళీగా ఉంటుంది. ఖాళీ ఉన్నచోట స్పర్శ లేదని రాస్తే తప్పుడు పద్దు అవుతుంది.

2024లో ఆల్ఫాఫోల్డ్ 3 వచ్చింది. ప్రొటీన్ వరస, డీఎన్‌ఏ వరస ఇస్తే రెండూ కలిసిన బొమ్మ గీసి ఇస్తుంది. ఇంక మీ పని అయిపోయినట్టేనా అని అడుగుతున్నారు. పెరిగింది అంటాను. ఇదివరకు నిర్మాణం కోసం ఏళ్లు ఎదురుచూసేవాళ్లం, ఇప్పుడు నిర్మాణాలే మా కోసం ఎదురుచూస్తున్నాయి. ప్రతి బొమ్మతో పాటు ఎంతవరకు నమ్మొచ్చో చెప్పే స్కోరు వస్తుంది. అది చదవకుండా పట్టు ఇలాంటిదని రాయడం కుదరదు. బాగా తెలిసిన కుటుంబాల దగ్గర యంత్రం బాగానే గీస్తుంది. "ఇతరాలు" లాంటి చోట్ల ఆ స్కోరు ఇంకా శ్రద్ధగా చూడాలి.

డిగ్రీలో బయోకెమిస్ట్రీ, బయోటెక్నాలజీ చదువుతున్న పిల్లలకు ఒక మాట. ప్రొటీన్ డేటా బ్యాంక్ ఉచితం. బొమ్మ చూపించే కైమెరాఎక్స్ సాఫ్ట్‌వేర్ చదువుకునేవాళ్లకు ఉచితమే. మామూలు ల్యాప్‌టాప్ చాలు. 1టీయూపీ అని కొట్టి పీ53 ఫైలు దించుకోండి. 248, 273, 175 ఆర్జినైన్లు ఎక్కడున్నాయో మీరే వెతికి, ఏది దేన్ని తాకుతోందో కాగితం మీద రాయండి. పరీక్షకు బట్టీపట్టిన మోటిఫ్‌ల జాబితా కన్నా ఆ ఒక్క కాగితం మీకు ఎక్కువ నేర్పుతుంది. ముందు తాకిన చోటు రాయండి, గ్రూపు పేరు ఆఖర్న రాయండి.