కింద గదిలో ముందు నీళ్ళ లెక్క

సెల్లార్ గదిని ఎలా ముస్తాబు చెయ్యాలని అడిగేవాళ్ళకు నేను ముందు పెయింటు రంగు చెప్పను, పాలిథిన్ షీటు తెమ్మంటాను. ఒకటిన్నర అడుగు చదరం ముక్కలు రెండు కోసి, ఒకటి నేల మీద, ఒకటి కొండవైపు గోడ మీద పెట్టి నాలుగు అంచులూ గాలి దూరకుండా టేపుతో అంటించాలి. మర్నాడు తీసి చూడాలి. గోడకు ఆనుకున్న వైపు నీటి బొట్లుంటే చెమ్మ మట్టిలోంచి గోడ దాటి వస్తోందన్నమాట. గదివైపు తడిగా ఉంటే గదిలో గాలే తేమగా ఉందన్నమాట. మొదటిదానికి వైద్యం ఇంటి బయట, రెండోదానికి గది లోపల. ఈ తేడా చూసుకోకుండా వాటర్‌ప్రూఫ్ డబ్బా కొనుక్కొచ్చేవాళ్ళే ఎక్కువ. పరీక్ష మాత్రం వానాకాలంలోనే చెయ్యాలి. ఏప్రిల్లో ఏ గోడైనా బుద్ధిగానే ఉంటుంది.

రాజవొమ్మంగి అనగానే 1922 ఆగస్టు 24న అల్లూరి సీతారామరాజు దళం దాడి చేసిన పోలీస్ స్టేషనే గుర్తొచ్చేవాళ్ళకు, ఇక్కడ సెల్లార్లెక్కడివని అనుమానం రావచ్చు. బజారులో లేవు. వాలు మీద కట్టిన ఇళ్ళ సంగతి వేరు. ముందు వాకిలి రోడ్డు ఎత్తున ఉంటుంది, పెరటివైపు నేల ఏడెనిమిది అడుగులు దిగిపోతుంది. ఆ లోతు పూడ్చాలంటే ట్రాక్టర్లకొద్దీ గ్రావెల్ తోలించాలి. ఆ ఖర్చు లెక్కేసి మేస్త్రీ, "పిల్లర్లు లేపి వదిలేద్దాం సార్, కింద ఓ గదొస్తుంది" అంటాడు. గదైతే వస్తుంది. అందులోకి జీడిపిక్కల బస్తాలు, చింతపండు బుట్టలు, కట్టెలు, చెడిపోయిన కూలరు, రాత్రయితే కోళ్ళు చేరతాయి. పిల్లలు ఎదిగి పైన చోటు చాలనప్పుడు గానీ ఆ గది ఎవరికీ గుర్తుకు రాదు.

మన్యంలో పాత ఇళ్ళకు కిందికి దిగే గది నేనెక్కడా చూడలేదు. కొండరెడ్ల ఇంటికి మట్టి అరుగు ఎత్తుగా ఉంటుంది, గోడ వెదురు తడిక మీద మెత్తిన మట్టి. దాచుకునే గింజలు పొయ్యి పైనున్న అటక ఎక్కుతాయి, పొగకు పురుగు చేరదు. ఈ వానలకూ ఈ చెదలకూ కిందికి దిగడం పనికిరాదని వాళ్ళు ఏనాడో తేల్చుకున్నారు. సిమెంటును నమ్ముకుని దిగినవాళ్ళం మనం.

ఈమధ్య ఒక టీచరు గారి కింద గదికి ప్లాను గీశాను. కొండవైపు గోడకు నడుమెత్తు దాకా తెల్లగా ఉప్పు పట్టింది. వేలితో గీరితే లప్పం పొరలుపొరలుగా రాలింది, లోపల సిమెంటు చేతికి చల్లగా తగిలింది. గదిలో ముక్కవాసన. ఆయన అప్పటికే లోపలి నుంచి రెండు కోట్లు డ్యాంప్‌ప్రూఫ్ పెయింటు వేయించారు. వెనకనుంచి నీళ్ళు నెట్టుకొస్తుంటే ముందు వేసిన పెయింటు ఎన్నాళ్ళు ఆగుతుంది? బయటికి వెళ్ళి చూస్తే పై కప్పు నీళ్ళన్నీ ఒకే గొట్టంలోంచి సరిగ్గా ఆ గోడ మొదట్లో పడుతున్నాయి. ముందు ఆ గొట్టాన్ని వాలు కిందికి మళ్ళించాం. తర్వాత గోడ పొడవునా గది నేల మట్టం దాకా కాలువ తవ్వించి, అడుగున చిల్లులు పొడిచిన పీవీసీ పైపు, దాని చుట్టూ 20 ఎంఎం కంకర, మట్టి దిగకుండా పైన జియో ఫ్యాబ్రిక్ గుడ్డ వేశాం. పైపు రెండో కొస పల్లం వైపు తెరిచి వదిలాం. తవ్వేటప్పుడు ఒకేసారి గోడంతా తెరవకుండా ముక్కలుముక్కలుగా పని చేయించాను, మట్టి దన్ను పోతే గోడకే ప్రమాదం. లోపల లప్పం మొత్తం గీకించి, ఆరనిచ్చి, సున్నమే వేయించాను. సున్నం చెమ్మను బయటికి పోనిస్తుంది, ప్లాస్టిక్ ఎమల్షన్ దాన్ని గోడలోనే బంధిస్తుంది.

గాలి తేమ సంగతి తిరకాసుగా ఉంటుంది. వానలో కిటికీలన్నీ తెరిచి గాలి ఆడుతోందని సంబరపడతాం. బయటి వెచ్చటి తడిగాలి చల్లటి గోడకు తగిలి అక్కడే నీరవుతుంది. వాన వెలిసి ఎండ కాసినప్పుడు తెరవండి, ముసురులో మూసి ఫ్యాను తిప్పండి. బీరువా, మంచం గోడకు మూడంగుళాలు ఎడంగా జరపండి. కింద గదిలో ప్లైవుడ్ అల్మరా కొట్టించడం నా దృష్టిలో డబ్బు నీళ్ళలో పోయడమే.

వాలు మనకిచ్చిన వరం ఏమిటంటే ఒక పక్క పూర్తిగా తెరిచి ఉంటుంది. టీచరు గారి గదిలో ఆ పక్కన గోడ తీసేసి వెడల్పాటి తలుపు, రెండు పెద్ద కిటికీలు పెట్టాం, బయట నాపరాయి పరిచి చిన్న అరుగు. పిల్లల చదువు బల్ల వెలుతురు దగ్గర, మంచాలు మధ్యలో, బాత్రూమూ సామాను గదీ చీకటి కొండవైపు. కింద గదికి ఇంతకుమించిన డిజైన్ సూత్రం నాకు తెలియదు. ఫాల్స్ సీలింగ్ వద్దన్నాను. నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం నివాస గదికి 2.75 మీటర్లు, బేస్‌మెంటుకు కనీసం 2.4 మీటర్ల ఎత్తుండాలి. ఉన్న ఎత్తులోంచి అర అడుగు అలంకారానికి ఇచ్చేస్తే గదిలో ఊపిరాడనట్టుంటుంది. కప్పుకూ, బీములకూ, పైపులకూ ఒకే తెలుపు వేసి, లైట్లు గోడలకు బిగిస్తే చాలు. ఎత్తు చాలదని నేల తవ్వుతామనేవాళ్ళూ ఉంటారు. పునాది పక్క మట్టి తీస్తే పైనున్న ఇల్లే కుంగుతుంది. ఇంజినీరును పిలవకుండా పలుగు ముట్టుకోవద్దు.

న్యూజెర్సీలో ఉన్న మా పెద్దమ్మ గారబ్బాయి ఇల్లు కొని బేస్‌మెంట్ ఫొటోలు పంపాడు. అక్కడ చలికి నేల గడ్డకట్టే లోతు దాటి పునాది వెయ్యాలి కనుక, ఎటూ తవ్వుతున్నాం కదా అని ఇంకాస్త తవ్వి గది చేసుకుంటారు. డల్లాస్ వైపు మనవాళ్ళ ఇళ్ళకు బేస్‌మెంట్లు అరుదు, అక్కడి బంకమట్టి తడికి ఉబ్బి ఎండకు ముడుచుకుంటుంది.

"అన్నయ్యా, ఒక మూల హోమ్ థియేటర్, ఇంకో మూల బార్ కౌంటర్, బాగుంటుందా?"

"అక్కడ పడుకున్నవాడు నిప్పంటుకుంటే ఎటు పోతాడో చెప్పరా ముందు."

వాడు నవ్వాడు గానీ అక్కడి కోడ్ అడిగేదీ అదే. బేస్‌మెంటులో పడకగది ఉంటే మనిషి బయటపడగల కిటికీ ఉండాలి. తెరిచిన మేర కనీసం 5.7 చదరపు అడుగులు, కిటికీ గుమ్మం నేలకు 44 అంగుళాలు దాటకూడదు. థియేటరుకు మాత్రం చీకటి మూలే సరైన చోటని ఒప్పుకున్నాను.

2021 సెప్టెంబరు 1న ఇడా తుపాను వానకు న్యూయార్క్ నగరంలో బేస్‌మెంట్ ఇళ్ళలోనే 11 మంది చనిపోయారు. 2024 జులై 27న ఢిల్లీ ఓల్డ్ రాజేంద్రనగర్‌లో కోచింగ్ సెంటర్ బేస్‌మెంట్ లైబ్రరీలోకి వరద దూకి ముగ్గురు విద్యార్థులు బలయ్యారు. 2022 సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో లాడ్జి కింద నడుస్తున్న ఎలక్ట్రిక్ బైకుల షోరూములో మంటలు లేచి, పొగ పై అంతస్తులకు పాకి 8 మంది పోయారు. మన నగరాల్లో సెల్లార్ పార్కింగుకే అని రూల్స్ చెబుతుంటే, అక్కడ హాస్టల్ మంచాలు వేసి అద్దెకిచ్చేవాళ్ళను నేను డిజైన్ సలహాకు దగ్గరికి రానివ్వను. మూడు పక్కలా మట్టి, ఒక్కటే మెట్లదారి ఉన్న గదికి ఏ రంగు వేసినా అది పడకగది కాదు. రెండో దారి పెట్టే వీలు లేకపోతే దాన్ని సామాను గదిగానే వదిలెయ్యండి.

మన వైపు కింద గదుల్లో నేను తరచు చూసే ప్రమాదం ఇంకోటుంది. పైన వంటింట్లో చోటు లేదని రెండో గ్యాస్ సిలిండరు కింద పెడతారు. ఎల్పీజీ గాలికన్నా బరువు. లీకైతే పైకి పోదు, ఆ గదిలోనే నేలబారుగా పేరుకుంటుంది, తర్వాత ఒక్క స్విచ్ వేస్తే చాలు. జనరేటరు కూడా అక్కడ నడపకూడదు, దాని పొగలో కార్బన్ మోనాక్సైడ్‌కు వాసనుండదు. రంగులూ టైల్సూ వచ్చే నెల చూసుకుందురు గానీ, మీ కింద గదిలో సిలిండరుంటే ఈ పేపరు మడిచి ఇప్పుడే పైకి మార్పించండి.