పోక్సో దర్యాప్తులో సమన్వయం – పగిడ్యాల ఉదంతం: ఒక విమర్శనాత్మక పరిశీలన

బాలలపై లైంగిక నేరాల దర్యాప్తులో ‘బాలస్నేహపూర్వక విధానం’ అనే భావన బాధిత బాలలను కేంద్రంగా చేసుకొని రూపొందింది. బిడ్డ వాంగ్మూలాన్ని ఇంటివద్దనో, బిడ్డ కోరిన చోటనో, యూనిఫాం ధరించని అధికారి నమోదు చేయాలని 2012 నాటి పోక్సో చట్టం 24వ సెక్షన్ నిర్దేశించింది. సాక్ష్యం కోసం పదేపదే కోర్టుకు పిలవరాదని 33వ సెక్షన్ పేర్కొన్నది. 2016లో హైదరాబాదులో ప్రారంభమైన భరోసా కేంద్రం పోలీసు, వైద్య, న్యాయ, మానసిక సహాయాలను ఒకేచోటికి తెచ్చి ఈ ఆశయానికి ఆచరణరూపం ఇచ్చింది. ఒకే బాధను నాలుగు గుమ్మాల ముందు చెప్పుకోవలసిన దుస్థితిని తగ్గించడం దీని ప్రధాన ప్రయోజనం.

అయితే బాధిత బిడ్డ సజీవంగా ఉండి మాట్లాడగలదన్న భావన ఈ నమూనాకు పునాది. 2024 జూలైలో నంద్యాల జిల్లా పగిడ్యాల మండలంలో ఒక బాలిక అదృశ్యమైన ఉదంతంలో ఆ పునాది లేదు. అత్యాచారం, హత్య ఆరోపణలు ముగ్గురు మైనర్ బాలురపై వచ్చాయి. రోజుల తరబడి నీటిలో గాలించినా మృతదేహం లభించలేదు. ఫలితంగా ఆ బాలుర మాటలకే అసాధారణ ప్రాధాన్యం ఏర్పడింది.

చట్టాల మధ్య ఉన్న వెలితి ఇక్కడే బయటపడుతుంది. ఆరోపణ ఎదుర్కొనేది కూడా బిడ్డే అయినప్పుడు పోక్సో 34వ సెక్షన్ ఆ వ్యవహారాన్ని 2015 నాటి బాల న్యాయ చట్టానికి అప్పగిస్తుంది. లాకప్‌లో ఉంచరాదని, 24 గంటలలోగా బాల న్యాయ మండలి ముందు హాజరుపరచాలని ఆ చట్టం చెబుతుంది. కాని ఆ బిడ్డను ప్రశ్నించే పద్ధతిని పోక్సో 24వ సెక్షన్ అంత వివరంగా చెప్పదు.

ఆరోపితులతో స్నేహమేమిటన్న ఆగ్రహం సహజమే. అయితే ఇక్కడ కనికరం కన్నా సత్యనిర్ధారణ ముఖ్యం. భయపడిన పిల్లవాడు అడిగేవారికి నచ్చే జవాబు చెప్పవచ్చు. ప్రశ్న మారితే జవాబూ మారవచ్చు. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 23వ సెక్షన్ ప్రకారం పోలీసుల ముందు చేసిన ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదు. దాని మూలంగా ఏదైనా బయటపడితే ఆ మేరకే దానికి విలువ. ఏదీ బయటపడనప్పుడు మిగిలేది శూన్యమే.

కనుక శిక్షణ పొందిన వ్యక్తి, సంరక్షకుడు, న్యాయవాది సమక్షంలో జరిగే తొలి సంభాషణను ఆరోపిత బాలల విషయంలోనూ తప్పనిసరి చేయడం అవసరం. బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రులకు దక్కవలసిన నిజం కూడా దానిపైనే ఆధారపడి ఉంటుంది.