నల్లని అర్ధవాహకం, బంగారు లోహం

రాగి, అల్యూమినియం వాహకాలు. గాజు, గంధకం బంధకాలు. సిలికాన్, జెర్మేనియం ఈ రెంటి నడుమ నిలిచే అర్ధవాహకాలు. ఉన్నత పాఠశాలలో ఈ విభజనను వల్లించిన విద్యార్థి వారాసిగూడ దాటి ఉస్మానియా ప్రాంగణంలో భౌతికశాస్త్ర తరగతికి వచ్చేవరకు దానిని శంకించడు. పదార్థాలను ఇట్లా మూడు గదులలో పెట్టి తాళం వేసే బోధన లోపభూయిష్టమైనది. అది చూపడానికి సమేరియం సల్ఫైడ్ ఒక్కటి చాలును.

సమేరియం, గంధకం పరమాణువులు సమసంఖ్యలో కలిసి, ఉప్పు స్ఫటికం వంటి అమరికతో ఏర్పడే ఈ పదార్థం నల్లని అర్ధవాహకం. గది ఉష్ణోగ్రతలోనే దీనిని సుమారు 6,500 వాతావరణాల పీడనానికి లోను చేస్తే ఒక్కసారిగా బంగారు వన్నె దాల్చి లోహమవుతుంది! భారతీయులైన జయరామన్, నారాయణమూర్తి, వారి సహచరులు అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో జరిపిన ఈ పరిశోధన 1970లో ప్రకటితమైనది. ఇందులో వేరొక మూలకాన్ని కలిపినది లేదు. స్ఫటికపు అమరిక సైతం మారలేదు. ఘనపరిమాణం మాత్రం ఇంచుమించు ఎనిమిదో వంతు తగ్గినది.

ఇది ఎట్లా సాధ్యం? సమేరియం లోపలి 'ఎఫ్' ఎలక్ట్రాన్లకూ వాహక పట్టీకీ మధ్య శక్తి అంతరం చాలా స్వల్పం. సిలికాన్‌లో అది 1.1 ఎలక్ట్రాన్ వోల్టులు కాగా ఇందులో దానిలో ఐదో వంతు కూడ లేదు. స్ఫటికాన్ని నొక్కితే ఆ అంతరం తగ్గి ఎలక్ట్రాన్లు వాహక పట్టీలోకి చేరుతాయి. ఎలక్ట్రాన్‌ను విడిచిన అయాన్ చిన్నదవుతుంది. అయాన్లు చిన్నవైన కొద్దీ స్ఫటికం ముడుచుకొని అంతరం మరింత తగ్గుతుంది. చెరువుకట్టకు గండి పడినట్లు, మొదలైన మార్పు ఇక ఆగదు. గంధకానికి బదులు అదే కుటుంబానికి చెందిన సెలీనియం, టెల్లూరియం ఉన్న స్ఫటికాలలో అంతరం పెద్దది. అక్కడ మార్పు క్రమంగా సాగుతుంది.

ఉపయోగాల విషయంలో అతిశయోక్తి పనికిరాదు. కొద్ది ఒత్తిడికే విద్యుత్ నిరోధం బాగా మారుతుంది గనుక పలుచని పొరగా చేసి, యంత్రభాగాలలో వికృతిని కొలిచే సాధనాలలో వాడవచ్చును. స్ఫటిక ముఖాన్ని మెరుగుపెట్టినా పైపొర బంగారు రంగుకు మారుతుంది. ఈ రెండు రంగులతో సమాచారాన్ని నిలువచేయవచ్చునని కూడ తలచారు. అంతమాత్రాన ఇది సిలికాన్ స్థానాన్ని ఆక్రమిస్తుందనడం తగదు. దీని తయారీకి అధికోష్ణోగ్రతలు, గాలి చొరని మూసలు కావలె.

'విరళ మృత్తిక' అన్న పేరూ ఇంతే. భూపటలంలో సమేరియం తగరం కంటే ఎక్కువ. భీమునిపట్నం తీరపు ఇసుకలోని మోనజైట్‌లోనూ కొద్ది పాళ్లలో ఉన్నది. కష్టమంతా దానిని తోటి మూలకాలనుండి వేరుచేయడంలోనే.

అర్ధవాహక పాఠాన్ని పట్టికతో కాక ప్రశ్నతో మొదలుపెట్టవచ్చును: వేడి చేస్తే నిరోధం పెరుగుతుందా, తగ్గుతుందా? ఒక బల్బు తీగ, వేడికి నిరోధం తగ్గే రకపు థర్మిస్టర్ ఒకటి, నిరోధాన్ని కొలిచే మీటరు ఉంటే జవాబు తరగతిలోనే దొరుకుతుంది.