పక్కింటి పిన్నిగారి కషాయం

దయ్యాల సినిమాలంటే నాకు పడవు. తలుపులు కిర్రుమనడం, దీపాలు ఆరిపోవడం, తెల్లచీర కట్టుకుని జుట్టు విరబోసుకున్న ఆవిడ చెట్టుకింద పాటందుకోవడం... ఇవన్నీ చూస్తే భయం మాట దేవుడెరుగు, నాకు ఆవులింతలొస్తాయి. అలాంటిదాన్ని 'రోజ్‌మేరీస్ బేబీ' అనే ఇంగ్లీషు సినిమాని ముచ్చటగా మూడుసార్లు చూశాను. మూడోసారి మా అమ్మాయి కూడా వచ్చి పక్కన చేరింది. సగం సినిమా అయ్యాక విసుగ్గా, "ఇందులో దయ్యం ఎప్పుడొస్తుందమ్మా?" అంది.

"వచ్చి చాలాసేపయింది. చేతిలో గ్లాసు పట్టుకుని నిలబడిందే, ఆవిడే" అన్నాను.

1967లో అమెరికన్ రచయిత ఐరా లెవిన్ రాసిన నవల ఇది. మరుసటి ఏడాదే రోమన్ పొలాన్‌స్కీ సినిమాగా తీశాడు. కథ న్యూయార్కులో జరుగుతుంది. రోజ్‌మేరీ, ఆమె భర్త గై ఓ పాతకాలపు పెద్ద భవంతిలో వాటా తీసుకుంటారు. (సినిమాలో దాని పేరు బ్రామ్‌ఫర్డ్. బయటినుంచి మనకి చూపించేది మాత్రం డకోటా అనే అక్కడి మేడ.) గై నటుడు, వేషాలు అంతంతమాత్రం. పక్క వాటాలో రోమన్, మిన్నీ అని వృద్ధ దంపతులు. వాళ్ళూ వాళ్ళ నేస్తాలూ సైతానుని కొలిచే క్షుద్రోపాసకులు. మంచి వేషాలొస్తాయంటే చాలు, గై తన భార్య గర్భాన్ని వాళ్ళకి ధారపోస్తాడు. ఆమెకి మాటమాత్రమైనా చెప్పడు. గుట్టు విప్పేశానని కోప్పడకండి. అర్ధశతాబ్దం దాటిన కథ, పైగా ఈ సినిమా భయపెట్టేది గుట్టుతో కాదు.

మిన్నీ వేషం వేసిన రూత్ గోర్డన్‌కి ఉత్తమ సహాయనటిగా ఆస్కార్ వచ్చింది. రాక ఏం చేస్తుంది! మన కథల్లో క్షుద్రోపాసన అంటే ఎర్రటి కళ్ళూ, పుర్రే, శ్మశానమూ ఉండాల్సిందే. ఈవిడకి అవేం లేవు. కళ్ళకి ఇంత రంగు, ఒంటిమీద కొట్టొచ్చే బట్టలు, మూతపడని నోరు. చొరవగా లోపలికొచ్చేస్తుంది, ఇల్లంతా కళ్ళతో కొలుస్తుంది, ఏదో ఒకటి చేసి తెచ్చిపెడుతుంది. ఇలాంటి పిన్నిగార్లు మన వీధుల్లోనూ ఉంటారు. వాళ్ళు పెట్టిన పులిహోర తిని పెరిగినవాళ్ళమే మనమంతా. అంచేత ఆవిడని అనుమానించడానికి రోజ్‌మేరీకే కాదు, చూస్తున్న మనకీ మనసొప్పదు.

ఒక రాత్రి ఆవిడ పంపిన చాక్లెట్ మిఠాయిలో సుద్దలాంటి రుచేదో తగులుతుంది. బాగాలేదంటే, పెద్దావిడ కష్టపడి చేసిందని భర్త సాధింపు. కొంచెం తిని మిగతాది అతను చూడకుండా దాచేస్తుంది. ఆ కొంచెమే చాలింది. మగతలో ఏవేవో కలలు, కలల్లో భయంకరమైన కళ్ళు. తెల్లారి ఒంటిమీద గోళ్ళ గీతలు చూసుకుని అడిగితే, గై తేలిగ్గా చెప్పేస్తాడు. బిడ్డకోసం అనుకున్న రోజు దాటిపోకూడదని, ఆమె ఒళ్ళు తెలియకుండా పడి ఉన్నా తానే చొరవ తీసుకున్నాడట! సైతాను సంగతి పక్కన పెట్టండి. అతను చెప్పిన ఆ అబద్ధమే నిజమనుకున్నా, అది క్షమించదగ్గ పనేనా? ఆమె మొహం వాడిపోతుంది. తర్వాత మింగేసుకుని ఊరుకుంటుంది.

నెల తప్పాక మొదలవుతుంది అసలు కథ. ఆమె వెతుక్కున్న కుర్ర డాక్టరు హిల్‌ని మాన్పించి, పెద్ద పేరున్న సేపర్‌స్టీన్ దగ్గరికి పంపిస్తారు. పుస్తకాలు చదవొద్దు, స్నేహితురాళ్ళ మాటలు వినొద్దు అంటాడాయన. మాత్రలకి బదులు మిన్నీ రోజూ చేసిచ్చే కషాయం తాగాలి. మెడలో టానిస్ అనే వేరు పెట్టిన తాయెత్తొకటి, పాడు కంపు. కడుపులో నొప్పి మొదలై నెలల తరబడి వదలదు. కడుపుతో ఉన్న మనిషి ఒళ్ళు చేయాల్సింది పోయి చిక్కి శల్యమవుతుంది. అడిగితే ఒకటే జవాబు, ఒకటి రెండు రోజుల్లో అదే పోతుందని.

ఈ జవాబు నేనూ విన్నాను. నా తొలిచూలప్పుడు ఏడో నెల దాటాక కాళ్ళు వాచి, తలనొప్పితో కళ్ళు బైర్లు కమ్ముతుంటే, చూపించుకున్న చోట "ఇవన్నీ మామూలే" అన్నారు. ఇంట్లో పెద్దవాళ్ళు "మేం కనలేదూ?" అన్నారు. నేనూ నమ్మాను. ఊరినుంచి వచ్చిన మా మేనత్త నా మొహం చూసి, చేతిలో సంచి కింద పెట్టకుండానే రిక్షా పిలిచింది. రక్తపోటు మితిమీరిందని, ఇంకో రోజు ఆగితే చెప్పలేకపోయేవాళ్ళమని రెండో చోట అన్నారు.

అందుకేనేమో, ఈ సినిమాలో నాకు అన్నిటికన్నా నచ్చిన ఘట్టంలో మంత్రమూ లేదు, తంత్రమూ లేదు. రోజ్‌మేరీ పట్టుబట్టి తన ఈడు స్నేహితులకి ఇంట్లో పార్టీ ఇస్తుంది. ముసలివాళ్ళెవరికీ పిలుపు లేదు. ఆమె వాలకం చూసిన స్నేహితురాళ్ళు వంటింట్లోకి తీసుకుపోయి, గై రాబోతే లోపలికి రానివ్వకుండా తలుపేసేస్తారు. వెక్కివెక్కి ఏడుస్తున్న ఆమె చుట్టూ చేరి, నొప్పి అలా ఉండకూడదు, ఇంకో డాక్టరుకి చూపించుకో అంటారు. హచ్ అనే ముసలి స్నేహితుడు తప్పిస్తే, ఆమె గోడు గోడుగా విన్నది ఆ వంటిల్లొక్కటే. అందరూ వెళ్ళాక గై ఆ ఆడవాళ్ళని నోటికొచ్చినట్టు తిడతాడు. వేరే డాక్టరు దగ్గరికి వెళ్తే సేపర్‌స్టీన్‌కి అన్యాయం చేసినట్టంటాడు. నొప్పేమో భార్యకి, న్యాయమేమో డాక్టరుకి! సరిగ్గా ఆ జగడం మధ్యలో నొప్పి ఆగిపోతుంది. ఆ సంతోషంలో పిచ్చిపిల్ల డాక్టర్ని మార్చే ఊసే మరిచిపోతుంది.

రోజ్‌మేరీగా వేసింది మియా ఫారో. తన ఇష్టప్రకారం జుట్టు కురచగా కత్తిరించుకుంటే దానికీ సణుగుతాడు గై. తెరవెనక ఆమె కాపరమూ అంతంతే. ఈ షూటింగు వదిలేసి తన సినిమాలో వేయమన్న భర్త ఫ్రాంక్ సినాట్రా మాట వినలేదు. 1967లో షూటింగు జరుగుతుండగానే విడాకుల కాగితాలు వచ్చాయి. ఆ కళ్ళకింద నలుపంతా మేకప్పేనా అని నాకు అనుమానం.

నిండు నెలలప్పుడు హచ్ వదిలివెళ్ళిన పుస్తకం వల్ల ఆమెకి అంతా అర్థమవుతుంది. మండుటెండలో పెట్టె పట్టుకుని పారిపోయి, ఫోను బూత్‌లోంచి డాక్టర్ హిల్‌ని బతిమాలుతుంది. అతను శ్రద్ధగా వింటాడు. నిన్నెవరూ ఏమీ చేయరని ధైర్యం చెప్పి పడుకోబెడతాడు. ఆమె కన్నంటుకోగానే భర్తకీ సేపర్‌స్టీన్‌కీ కబురు పెడతాడు. ఇతను సైతాను మనిషి కాదు సుమండీ. మంచివాడే. మిన్నీ కన్నా ఇతనే నన్నెక్కువ హడలగొట్టాడు.

ఇక్కడే ఈ సినిమాతో నాకు పేచీ. చివర్లో సైతాను నిజంగానే ఉన్నాడని తేలుతుంది కాబట్టి రోజ్‌మేరీ మాట నెగ్గింది. తేలకపోతే? మంత్రగత్తెల సంగతి ఉత్త భ్రమే అయితే, ఆ నెలల నొప్పి కూడా భ్రమేనని మనం లేచి వెళ్ళిపోయేవాళ్ళం కాదూ? ఆడమనిషికి కడుపులో నొప్పిగా ఉందని నమ్మించడానికి సైతానే వచ్చి సాక్ష్యం చెప్పాల్సొచ్చింది.

ఇంకో సంగతీ ఉంది. ఒళ్ళు తెలియని ఆడదానిమీద జరిగిన దారుణాన్ని ఆమె వైపు నిలబడి చూపించిన ఈ పొలాన్‌స్కీయే, 1977లో పదమూడేళ్ళ పిల్ల విషయంలో చట్టవిరుద్ధమైన లైంగిక సంబంధం నేరాన్ని కోర్టులో ఒప్పుకున్నాడు. శిక్ష వెయ్యకముందే, 1978లో, అమెరికా వదిలి పారిపోయాడు. ఇది తెలిశాక చూసింది ఈ మూడోసారి. నిజం చెప్పొద్దూ, సినిమా బిగి ఏమాత్రం సడల్లేదు. కానీ ఆ రాత్రి ఘట్టం రాగానే నేను మంచినీళ్ళ వంకతో లేచి వంటింట్లోకి పోయాను.

పురుడు ఇంట్లోనే పోస్తారు. బిడ్డ దక్కలేదంటారు. గోడ అవతల పసిబిడ్డ ఏడుపు వినిపిస్తుంటే, రోజ్‌మేరీ వంటింటి కత్తి పట్టుకుని, అలమర వెనక దారిన పక్క వాటాలోకి వెళ్తుంది. అక్కడ నల్లగుడ్డలు కప్పిన ఉయ్యాల. బిడ్డని మనకి చూపించరు, చూసిన తల్లి మొహమే చూపిస్తారు. ఊపుతున్న ముసలావిడ మరీ వేగంగా ఊపుతోందని కసిరి, చివరికి తనే ఉయ్యాల మీద చెయ్యి వేస్తుంది. మొదటిసారి చూసినప్పుడు తల్లి మనసు గెలిచిందని కళ్ళు తుడుచుకున్నాను. ఈసారి మాత్రం, నోటికి కషాయమూ మెడకి తాయెత్తూ అందించినవాళ్ళే ఆ ఉయ్యాలా అందించారనిపించింది. మా అమ్మాయి ఒప్పుకోలేదు. "మొగుడి మొహాన ఉమ్మేసింది కదమ్మా!" అంది. అదీ నిజమే.

ఆ గదిలోనే, బిడ్డని చూసిన అదురుపాటుకి రోజ్‌మేరీ చేతిలో కత్తి జారి చెక్కనేలలో గుచ్చుకుంటుంది. అందరూ కొయ్యబారిపోతే మిన్నీ వచ్చి కత్తి పీకి, నేలమీద పడ్డ గాటుని వేలితో రుద్ది చూసుకుంటుంది. ఇల్లాలు కదా!