నిద్ర, పేరు, దారి: మన కథల్లో నడివయసు స్త్రీ

“ఇల్లూ, రచనా రెండూ ఎలా సమన్వయం చేసుకుంటున్నారు?” రచయిత్రులతో జరిగే ముఖాముఖీల్లో ఈ ప్రశ్న దాదాపు తప్పదు. ఇదే ప్రశ్న ఒక రచయితని అడగ్గా నేనింతవరకూ చదవలేదు. అడిగేవాళ్ళకి దురుద్దేశం ఉంటుందని కాదు. చాలాసార్లు అడిగేది స్త్రీలే, అదీ అభిమానంతోనే. కానీ ఆ ప్రశ్నలో ఒక తీర్పు ముందే ఉంది. ఇల్లు ఆమె బాధ్యత, రచన ఆమె ఇష్టం. రెండింటినీ సర్దుకోవడం ఆమె నేర్పు. ఆ సర్దుబాటుకి ఎవరి నిద్ర, ఎవరి విశ్రాంతి, ఎవరి పదేళ్ళు ఖర్చయ్యాయో ఆ ప్రశ్న అడగదు.

రచయిత్రులు ఈ ప్రశ్నకి ముఖాముఖీల్లో నవ్వి ఏదో చెప్పేస్తారు. అసలు జవాబు కథల్లో చెప్పారని, స్త్రీల కథానికల మీద పరిశోధన చేస్తున్న రోజుల నుంచీ నాకనిపిస్తూ వచ్చింది. అబ్బూరి ఛాయాదేవి ‘సుఖాంతం’, పి.సత్యవతి ‘ఇల్లలకగానే’, మళ్ళీ ఛాయాదేవి ‘తన మార్గం’ – ఈ మూడు కథల్నీ విడివిడిగా మనం చాలాసార్లు చర్చించుకున్నాం. ఒకదాని పక్కన ఒకటి పెట్టి చదివితే మరో విషయం కనిపిస్తుంది. ఈ మూడూ స్త్రీ కాలాన్ని లెక్కగట్టిన కథలు. మొదటిదాంట్లో పోయింది నిద్ర, రెండోదాంట్లో పోయింది పేరు, మూడోదాంట్లో ఒకామె మిగిలిన కాలాన్ని తన చేతిలోకి తీసుకుంటుంది.

నడివయసు అన్నది మన సాహిత్యంలో స్త్రీకి కొంచెం ఆలస్యంగా దక్కిన వయసు. భండారు అచ్చమాంబ 1902లో ‘ధనత్రయోదశి’ రాశారు. ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ కోసం ఎక్కడెక్కడి స్త్రీల చరిత్రలో సేకరించారు. 1905లో ముప్పై ఏళ్ళకే చనిపోయారు. నలభై, యాభైల్లో నిలబడి వెనక్కి తిరిగి చూసుకుని రాసే అవకాశం మన తొలి కథా రచయిత్రికి రానేలేదు. కథల్లో కూడా స్త్రీ చాలాకాలం పెళ్ళికూతురుగానో, కొత్త కోడలుగానో, లేకపోతే ఏకంగా ముసలి అత్తగానో ఉండేది. ఆ మధ్యలో ముప్పై ఏళ్ళు ఆమె ఏం చేసిందంటే, వండింది. అది కథావస్తువని ఎవరికీ తోచలేదు.

‘సుఖాంతం’ సరిగ్గా ఆ ఏళ్ళ కథ. ఇందులో స్త్రీ కోరుకున్నది చాలా చిన్నది, కంటినిండా నిద్ర. కూతురిగా, భార్యగా, తల్లిగా ప్రతి దశలోనూ ఎవరిదో ఒక అవసరం వచ్చి ఆమె నిద్ర చెడగొడుతుంది. ఎవరూ దుర్మార్గులు కారు. ఆమెను కొట్టినవాళ్ళు లేరు, తిట్టినవాళ్ళు లేరు. లేపారంతే. తీరా లేపేవాళ్ళు లేని వయసు వచ్చేసరికి నిద్రే దూరమైపోతుంది. నిద్రమాత్రలు తెచ్చిపెట్టిన నిద్ర ఆఖరి నిద్రవుతుంది. శీర్షికలో వ్యంగ్యం కథ పూర్తయ్యాక గానీ తగలదు. హింస అనగానే మన మనసులో మెదిలే బొమ్మల్లో ఒక్కటీ ఈ కథలో కనపడదు. అయినా ఒక జీవితం మొత్తం కొల్లగొట్టబడింది, గంటల లెక్కన.

ఇది పాతకాలపు కథ అనుకునేవాళ్ళు ప్రభుత్వ లెక్కలే చూడొచ్చు. జాతీయ గణాంక కార్యాలయం 2019లో చేసిన కాల వినియోగ సర్వే ప్రకారం, ఇంటిపనిలో పాల్గొనే స్త్రీలు జీతంలేని ఆ పని మీద రోజుకి సగటున 299 నిమిషాలు గడిపారు. పాల్గొన్న మగవాళ్ళు 97 నిమిషాలు. 2024లో మళ్ళీ లెక్కపెడితే స్త్రీలది 289కి, మగవాళ్ళది 88కి తగ్గింది. అంటే తేడా 202 నిమిషాల నుంచి 201కి వచ్చింది. ఐదేళ్ళలో ఒక్క నిమిషం! పిల్లల్నీ, ముసలివాళ్ళనీ, రోగుల్నీ చూసుకునే కాలాన్ని ఈ సర్వే వేరే పద్దులో రాసింది, అది ఈ అంకెల్లో లేదు. పైగా ఈ లెక్క, ఆ పని కాస్తయినా చేసిన మగవాళ్ళది. 2024లో అలా చేసినవాళ్ళు మగవాళ్ళలో నూటికి 27 మంది, స్త్రీలలో 81 మందికి పైగా. ఇన్ని పట్టికలు చెప్పిన సంగతి ఛాయాదేవి ఒక చిన్న కథలో చెప్పారు.

సత్యవతి ‘ఇల్లలకగానే’ దగ్గరికి వస్తే లెక్క మారుతుంది. ఇల్లలుకుతూ అలుకుతూ తన పేరు మరచిపోయిన ఈగ కథ మనందరం చిన్నప్పుడు విన్నదే. సత్యవతి ఆ ఈగ స్థానంలో చదువుకున్న గృహిణిని నిలబెట్టారు. ముగ్గులు పెట్టుకుంటూ, అద్దంలా తుడుచుకుంటూ, మురిసిపోతూ ఉన్న ఇల్లాలికి ఒకరోజు తన పేరు గుర్తురాదు. పిల్లలకి ఆమె అమ్మ, భర్తకి ఏదో ఒక పిలుపు. పుట్టింటికి వెళ్ళి వెతుకుతుంది. చివరికి చిన్ననాటి స్నేహితురాలు ‘శారదా’ అని పిలుస్తుంది.

ఇక్కడ నన్నెప్పుడూ ఆపే విషయం, ఆ స్నేహితురాలు ఇచ్చింది పేరొక్కటే కాదు. నువ్వు బాగా చదివేదానివి, పాడేదానివి, బొమ్మలు వేసేదానివి అని కూడా గుర్తుచేస్తుంది. అంటే పేరుతో పాటు పోయింది ఒక సృజనకారిణి. ఎవరూ ఆమెను బొమ్మలు వెయ్యొద్దని నిషేధించలేదు. ఇల్లు బావుండాలన్న ఆమె ఇష్టమే ఆ కాలాన్ని తినేసింది. కుటుంబం మీద ప్రేమ, రచన మీద ప్రేమ రెండూ నిజమైనవే అయినప్పుడు మొదటిది గెలుస్తుంది, ఎందుకంటే దానికి వేళలున్నాయి. పాలవాడి వేళ, స్కూలు బస్సు వేళ, మందుల వేళ. రచనకి మాత్రం తీరిక అనే వేళ ఉంటుంది, అది ఎప్పుడూ రాదు. పితృస్వామ్యం చాలాసార్లు మన ప్రేమలోంచే పని చేయించుకుంటుందన్న కష్టమైన విషయాన్ని సత్యవతి నవ్వుతూ చెప్పారు. ఇంటి మీద శారదకున్న మురిపాన్ని ఆమె ఎక్కడా కించపరచలేదు.

అదే కథలో పనమ్మాయి కూడా ఉంది. నా పేరేమిటో నీకు తెలుసా అని శారద అడిగితే, అమ్మగారి పేర్లతో తనకేం పనని జవాబిస్తుంది. మనం ఆ సన్నివేశాన్ని శారద ఒంటరితనానికి గుర్తుగానే చదువుతాం. కానీ మధ్యతరగతి స్త్రీకి రాసుకోవడానికి ఒక గంట దొరికిందంటే, ఆ గంట తరచూ ఇంకో స్త్రీ దగ్గర కొన్నదే. గోగు శ్యామల సంపాదకత్వంలో 2003లో వచ్చిన ‘నల్లపొద్దు’ దళిత స్త్రీల రచనల్ని ఒకచోట చేర్చి, స్త్రీ అన్న మాటలో ఎవరెవరున్నారని మనల్ని నిలదీసింది. పొలంలోనూ, పరాయి ఇళ్ళలోనూ, తన ఇంట్లోనూ మూడు చాకిరీలు చేసే స్త్రీకి నడివయసంటే పేరు మరచిపోవడం కాదు, ఒళ్ళు హూనమైపోవడం. సమన్వయం గురించి మాట్లాడే వ్యాసం ఏదైనా ఈ లెక్క కూడా రాయాలి. రాయకపోతే మనం ఒక స్త్రీ కాలాన్ని విముక్తం చేసి ఇంకో స్త్రీ కాలాన్ని దాచిపెట్టినట్టే.

స్త్రీవాద కవిత్వం 1980ల్లో, 90ల్లో శరీరం గురించి మాట్లాడే ధైర్యాన్ని తెచ్చింది. కొండేపూడి నిర్మల ‘లేబర్ రూమ్’, పాటిబండ్ల రజని ‘అబార్షన్ స్టేట్‌మెంట్’, విమల ‘వంటిల్లు’ లాంటి కవితలు, 1993లో వచ్చిన ‘నీలిమేఘాలు’ సంకలనం అప్పటి పాఠకుల్ని ఎంత కలవరపెట్టాయో మనకి తెలుసు. కానీ ఆ శరీరం ఎక్కువగా కనే వయసులో ఉన్న శరీరం. ముట్లుడిగే కాలం, ఒక్కసారిగా కమ్ముకొచ్చే వేడి ఆవిర్లు, కారణం తెలియని కోపం, ఎముకల నొప్పి, పిల్లలు వెళ్ళిపోయిన గదిలో నిశ్శబ్దం, అదే సమయానికి మంచాన పడిన అత్తగారు – వీటికి అంత గట్టి గొంతు రాలేదు. కనడం మీద హక్కు గురించి పోట్లాడిన మనం, కనడం ముగిశాక వచ్చే జీవితాన్ని డాక్టరు గదికి వదిలేశాం. ఆ వయసు స్త్రీ కోపాన్ని ఇంట్లో “మెనోపాజ్” అని తీసిపారేస్తే, సాహిత్యంలో “అనుభవ పరిపక్వత” అని పొగుడుతున్నాం. రెండూ ఆ కోపం ఏం చెబుతోందో వినకపోవడమే.

రచయిత్రుల రచనల జాబితాలు తయారుచేస్తున్నప్పుడు ఇదే నిశ్శబ్దం నాకు సంవత్సరాల రూపంలో ఎదురైంది. ఒక కథకీ ఇంకో కథకీ మధ్య నాలుగేళ్ళు, ఏడేళ్ళు. ‘ఈ కాలంలో రచయిత్రి పెద్దగా రాయలేదు’ అని ఒక వాక్యం రాసి ముందుకు సాగిపోవడం పరిశోధనలో అలవాటు. ఒక సదస్సులో ఒక పెద్దాయన, నడివయసు వచ్చేసరికి మన రచయిత్రులు ఇంటివిషయాల్లోకి జారిపోతారని బాధపడ్డారు. ముప్పైల్లో ఉండి, పాఠాలు చెప్పుకుంటూ, పాపని నిద్రపుచ్చాకే పుస్తకం తెరిచే నాకు ఆ బాధ అర్థం కాలేదు. ఆ ఖాళీ ఏళ్ళలో జరిగినదే ఆ ఇంటివిషయం. అమెరికన్ రచయిత్రి టిల్లీ ఓల్సెన్ నలుగురు కూతుళ్ళని పెంచుతూ, ఉద్యోగాలు చేస్తూ ఏళ్ళ తరబడి రచనకు దూరమయ్యారు. 1978లో వచ్చిన ‘సైలెన్సెస్’ అనే పుస్తకంలో రాయలేకపోయిన కాలాన్నే సాహిత్య చరిత్రలో భాగంగా చూడమని వాదించారు. మన జాబితాల్లోని ఖాళీలకి కూడా ఆ గౌరవం దక్కాలి.

ఛాయాదేవి రచనా జీవితాన్నే చూడండి. 1933లో పుట్టిన ఆమె యాభయ్యో దశకంలోనే రాయడం మొదలుపెట్టారు, ‘వనిత’ పత్రికకి సంపాదకత్వం వహించారు. ఢిల్లీలో జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం గ్రంథాలయంలో డిప్యూటీ లైబ్రేరియన్‌గా పనిచేసి, 1982లో, యాభై నిండకుండానే, ఉద్యోగం నుంచి బయటికి వచ్చారు. ‘అబ్బూరి ఛాయాదేవి కథలు’ పుస్తకంగా వచ్చింది 1991లో. ‘తన మార్గం’ సంపుటికి సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది 2005లో, డెబ్బై దాటాక. ఆమెను ఆలస్యంగా వికసించిన రచయిత్రి అనడం సరికాదు. కుండీలో పెంచిన చెట్టు ఎదగకపోవడానికి కారణం చెట్టులో లేదని ‘బోన్సాయ్ బ్రతుకు’ రాసిన మనిషి ఆమె. నేల దొరికాక ఎదగడాన్ని ఆలస్యం అనకూడదు.

‘తన మార్గం’ కథలో భర్త పోయిన పెద్దావిడ, తనని ఏ బిడ్డ దగ్గర ఉంచాలనే చర్చకి తెరదించి, ఒంటరిగా ఉండడాన్ని ఎంచుకుంటుంది. అలక లేదు, పిల్లల మీద ఫిర్యాదు లేదు. ఇన్నాళ్ళకి దొరికిన రోజుల్ని తనే గడుపుకోవాలనుకుంది. ‘సుఖాంతం’ స్త్రీ మరణంలో తప్ప పొందలేకపోయిన దాన్ని ఈమె బతికుండగానే తీసుకుంది. ఒకే రచయిత్రి ఆ చోటు నుంచి ఈ చోటుకి ప్రయాణించడం నాకు ముఖ్యంగా కనిపిస్తుంది. ఛాయాదేవి చివరి ఏళ్ళు హైదరాబాదు కొండాపూర్‌లోని సి.ఆర్.ఫౌండేషన్ వృద్ధాశ్రమంలో గడిపి 2019లో మరణించారు. వృద్ధాశ్రమం అనగానే మనం జాలిపడతాం. ఆమె కథలు చదివినవాళ్ళు జాలిపడే ముందు కొంచెం ఆగుతారు.

ఈ కథలకి పరిమితులు లేవని నేననను. ముగ్గురు స్త్రీలూ ఒంటరిగానే తమ సమస్యని పరిష్కరించుకుంటారు. ఒకామె చనిపోతుంది, ఒకామె ఇంటికి తిరిగొచ్చి తన పేరుతో పిలవమని భర్తకి చెబుతుంది, ఒకామె వేరుగా ఉంటుంది. ఒంటరిగా ఉండడానికి కూడా ఒక నీడా, కొంత ఆదాయం కావాలి. పేరు తెలిశాక మర్నాడు పొద్దున ఆ ఇంట్లో గిన్నెలు ఎవరు కడిగారో సత్యవతి చెప్పలేదు. నాకు ఆ మర్నాటి కథ కావాలి. పని ఎలా పంచుకున్నారో, పంచుకోమన్నప్పుడు ఎంత రభస జరిగిందో, అంత రభస మధ్య శారద మళ్ళీ బొమ్మ వేసిందో లేదో చెప్పే కథ. దాన్ని ఇప్పుడు నలభైల్లో, యాభైల్లో ఉన్నవాళ్ళే రాయగలరు.

రాసేదాకా విమర్శకులుగా మనం చేయగలిగింది ఒకటుంది. ఈసారి ఏ రచయిత్రితో మాట్లాడినా ఎలా సమన్వయం చేసుకుంటున్నారని అడగడం మానేద్దాం. మీరు రాయలేకపోయిన సంవత్సరాలేవి, అప్పుడు మీ ఇంట్లో ఎవరు ఏ పని చేసేవారు, అప్పటి కథలు ఏమైపోయాయి అని అడుగుదాం. రచయితల్ని కూడా ఇవే అడుగుదాం, మీరు రాసుకుంటున్నంతసేపూ పక్కగదిలో ఎవరు మేలుకుని ఉన్నారని.